లిస్బన్: ఎక్కడం బండి మీద, దిగడం కాళ్ళ మీద

కిందటి సంచికలో మాటవరసకు పోర్చుగల్ రాజధాని లిస్బన్ కొండల గురించి నాలుగు వాక్యాలు రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే. కొత్తగా చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను: నేను బడిపిల్లలకు భూగోళం చెప్పి రిటైరైన టీచర్ని, ఉండేది విశాఖ మహారాణిపేటలో. మా అమ్మాయి ఉద్యోగరీత్యా లిస్బన్‌లో రెండేళ్ళు ఉంది. ఆ రెండేళ్ళలో ఒకసారి మే నెలలో, ఒకసారి అక్టోబరులో వెళ్ళొచ్చాను. మొదటిసారి నాతో మా ఆయన, మా వదిన వచ్చారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. వదిన గుడ్డు కూడా ముట్టదు. కాబట్టి మీరు రాసిన కష్టాల్లో చాలావరకు మేం పడినవే.

ప్రశ్న: టీచర్ గారూ, నమస్కారం. ఉక్కు కర్మాగారంలో పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. మా అబ్బాయి ఓడల్లో పనిచేస్తాడు, యూరప్‌లో ఒక్క ఊరే చూడాలంటే లిస్బన్ చూడమంటాడు. ట్రావెల్ ఏజెంటేమో ఎనిమిది రోజుల్లో లిస్బన్, మాడ్రిడ్, బార్సిలోనా, పారిస్ అన్నీ చూపిస్తానంటున్నాడు. అందులో లిస్బన్‌కు ఒకటిన్నర రోజు. మా ఆవిడ ఎక్కువ దూరం నడవలేదు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, ఉక్కునగరం

జవాబు: ఆ కాగితం ఏజెంటుకి తిరిగి ఇచ్చేయండి సార్. ఎనిమిది రోజుల్లో నాలుగు ఊళ్ళంటే మీరు చూసేది ఎయిర్‌పోర్టులు, హోటల్ లిఫ్టులు. మీ అబ్బాయి మాట వినండి. ఒక్క ఊరు, ఆరు రాత్రులు, మధ్యలో ఒక రోజు పక్క ఊరికి. అంతే.

లిస్బన్ ఏడు కొండల ఊరు. మనకూ కొండలకు కొదవ లేదు. కాకపోతే మన కైలాసగిరి, సింహాచలం ఊరికి ఓ పక్కన ఉంటాయి, కావాలనుకున్న రోజు ఎక్కుతాం. అక్కడ కొండల మీదే ఊరు. కూరగాయలకు వెళ్ళాలన్నా ఎక్కి దిగాల్సిందే. పైగా కాలిబాటలన్నీ చిన్న చిన్న సున్నపురాయి ముక్కలు పరిచినవి, ముగ్గేసినట్టు అందంగా ఉంటాయి. వాన చినుకు పడితే సబ్బు రాసినట్టే. మీ ఆవిడకు అడుగున పట్టు ఉన్న బూట్లు ఇక్కడే కొని, బీచ్ రోడ్డు మీద ఓ పదిహేను రోజులు వాటితోనే నడిపించండి. కొత్త బూట్లు అక్కడ విప్పి తొడిగితే రెండో రోజుకి బొబ్బలు. అది మా వదిన అనుభవం.

మా ఆయన కోసం ఒక సూత్రం పెట్టుకున్నాం: ఎక్కడం బండి మీద, దిగడం కాళ్ళ మీద. కోట ఉన్న కొండకు ఫిగైరా చౌకు నుంచి 737 నంబరు చిన్న బస్సు వెళుతుంది. అది కాకపోతే కింది బజారులో ఫాన్కైరుష్ వీధిలో ఊరివాళ్ళ కోసం పెట్టిన లిఫ్టు ఉంది, దానికి డబ్బు అడగరు. చూస్తే మామూలు ఇంటి గుమ్మంలా ఉంటుంది, కనిపెట్టడమే కష్టం. అది దిగి నాలుగడుగులు వేస్తే ఇంకో లిఫ్టు. రెండూ ఎక్కితే కోటకు సగంపైన దూరం తప్పినట్టే. కొండవాలు మీద తీగతో నడిచే పాతకాలపు ఫ్యునిక్యులర్ బండ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. 2025 సెప్టెంబరు 3న గ్లోరియా అనే దాని తీగ తెగి, బండి దొర్లి 16 మంది చనిపోయారు. ఆ తరవాత అలాంటివన్నీ తనిఖీల కోసం ఆపేశారు. నడుస్తుంటే ఎక్కండి, లేకపోయినా ప్లాన్ చెడకూడదు.

ఇక రోజులు ఎలా పంచుకోవాలి? పుస్తకాలు చూసి పదేసి చోట్ల పేర్లు రాసుకోకండి. మధ్యాహ్నం భోజనం ఎక్కడో ముందు అనుకోండి, దాని చుట్టూ రోజు అల్లుకోండి. పొద్దున ఒక పేట, పన్నెండున్నరకు భోజనం, తరవాత గదికొచ్చి ఓ కునుకు. సాయంత్రం కొండ మీద మిరదౌరు, అంటే ఊరంతా కనబడేలా కట్టిన అరుగు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది. పొద్దుటి నుంచి పరిగెత్తాల్సిన పనే లేదు.

దిగిన రోజు ఏమీ పెట్టుకోకండి. సాయంత్రం నదీ తీరంలో కొమెర్సియు మైదానానికి వెళ్ళి మెట్ల మీద కూర్చోండి. అది నది అంటే మీరు నమ్మరు. తేజు నది సముద్రంలో కలిసే ముందు అక్కడ చాలా వెడల్పవుతుంది. ఆ ఊరివాళ్ళు దాన్ని గడ్డిసముద్రం అంటారు.

రెండో రోజు పొద్దున అక్కడి నుంచే మొదలుపెట్టండి. నేను టీచర్ని కాబట్టి ఈ భాగం కాస్త సాగదీస్తాను. 1755 నవంబరు 1, సకల పునీతుల పండగ. పొద్దున జనమంతా చర్చిల్లో ఉన్నారు, కొవ్వొత్తులన్నీ వెలుగుతున్నాయి. అప్పుడు భూమి కదిలింది. బతికినవాళ్ళు ఖాళీ జాగా అని నది ఒడ్డుకు పరిగెత్తారు. నీళ్ళు వెనక్కిపోయి కెరటంలా తిరిగొచ్చాయి. పడిపోయిన ఊళ్ళో రోజుల తరబడి మంటలు. 2004 డిసెంబరులో మన బీచ్‌లో సముద్రం వింతగా ప్రవర్తించిన పొద్దు గుర్తున్నవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తరవాత పొంబాల్ అనే మంత్రి ఆ పల్లపు భాగాన్ని గీతలు గీసినట్టు తిన్నని వీధులతో మళ్ళీ కట్టించాడు. ఇళ్ళ గోడల్లోపల చెక్కతో పంజరంలాంటి చట్రం పెట్టించాడు, భూమి ఊగితే ఇల్లు కూడా ఊగి నిలబడాలని. ఆ వీధులే ఇప్పటి బైషా. మీరు నడిచేది ఆ ప్లాను మీదే.

అక్కడి నుంచి తూర్పుకొండ ఎక్కితే అల్ఫామా. గట్టి రాతి మీద ఉండటంతో భూకంపంలో చాలావరకు నిలిచింది. మన వన్‌టౌన్‌లో కోటవీధి పక్క సందులు తెలుసుగా? అలాంటి ఇరుకే, మెట్లతో సహా. నెత్తి మీద ఆరేసిన బట్టలు, గడపలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరించే ముసలమ్మలు. దారి తప్పితే కంగారుపడకండి, ఏ సందు పట్టుకుని దిగినా నదికే చేరతారు. పడమటి కొండ మీద కార్ము మఠం కూడా చూడండి. భూకంపానికి పైకప్పు పోయిన చర్చిని అలాగే ఉంచేశారు. రాతి కమానుల మధ్య నుంచి ఆకాశం కనిపిస్తుంది. మా ఆయన ఆ రెండు వారాల్లో ఫోన్ తీయకుండా నిలబడింది అక్కడొక్కచోటే.

నది ఒడ్డున పడమటివైపు ఉన్న బెలేం పేటకు ఒక పూట పూర్తిగా ఇవ్వండి. 15 నంబరు ట్రామ్ ఎక్కితే తీసుకెళుతుంది. సోమవారం వెళ్ళకండి, అక్కడ చూడాల్సిన జెరోనిముష్ మఠం మూసి ఉంటుంది. ఇంకో రోజు పక్క ఊరు సింత్రా. రోసియు స్టేషన్ నుంచి రైల్లో నలభై నిమిషాలు. స్టేషన్ బయట 434 నంబరు బస్సు కొండమీది పేనా రాజభవనానికి వెళుతుంది. లోపలికి వెళ్ళే టైముతో సహా టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. భవనం ఎర్రగా పచ్చగా పుట్టినరోజు కేకులా ఉంటుంది, నాకు అంతగా నచ్చలేదు. చుట్టూ ఉన్న అడవి నచ్చింది.

మిగిలిన రోజుకి పేరు పెట్టకండి. ఏదో ఒక రోజు కాళ్ళు మొరాయిస్తాయి, దానికి ఉంచుకోండి.

ప్రశ్న: మేడమ్, మేం సెప్టెంబరులో లిస్బన్ వెళుతున్నాం. మా అత్తగారు పూర్తి శాకాహారి. మిగతా ముగ్గురం చేపలంటే ప్రాణం పెడతాం. రైస్ కుక్కర్, పచ్చళ్ళు మోసుకెళ్ళాలా? హోటళ్ళలో ఎలా అడగాలో కూడా తెలియదు, ఒకటే టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: ముందు అత్తగారి సంగతి, ఆవిడ నెమ్మదిగా ఉంటేనే మీరు చేపలు తినగలరు. అక్కడ మాంసం లేకుండా పెట్టమంటే సంతోషంగా ట్యూనా చేప తెచ్చిపెడతారు, వాళ్ళ లెక్కలో చేప మాంసం కాదు. మా అమ్మాయి ఒక చీటీ రాసిచ్చింది: సేం కార్న్, సేం పెయిష్, సేం ఓవు. మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు అని. వదిన దాన్ని బొట్టుబిళ్ళల డబ్బాలో దాచుకుని ప్రతి పూటా తీసి చూపించేది. కూరగాయల సూప్ దాదాపు ప్రతి హోటల్లోనూ ఉంటుంది, బ్రెడ్ చాలా బాగుంటుంది. కాల్దు వేర్ద్ అనే ఆకుకూర సూప్‌తో మాత్రం జాగ్రత్త. ఆకు, బంగాళాదుంపే కదా అనుకుంటాం, పైన పంది సాసేజ్ ముక్క తేలుతుంటుంది. వేపుడు బీన్స్ ఉంటాయి, పెయిషీన్యుష్ ద ఓర్తా అంటారు, తోటలోని చిట్టిచేపలు అని అర్థం. అచ్చంగా మన బజ్జీలే. పోర్చుగీసువాళ్ళే ఇలా పిండిలో ముంచి వేయించడం జపాన్‌కు నేర్పారట, అక్కడ అది టెంపురా అయింది. కానీ పిండిలో చాలాచోట్ల గుడ్డు కలుపుతారు, చీటీ చూపించాకే తినిపించండి.

ఊరికి ఉత్తరాన లుమియార్‌లో రాధాకృష్ణుల గుడి ఉంది. మొజాంబిక్ మీదుగా వచ్చి స్థిరపడిన గుజరాతీలు కట్టుకున్నది. అక్కడి క్యాంటీన్‌లో శాకాహార భోజనం దొరుకుతుంది. పప్పు, అన్నం కళ్ళబడగానే మా వదిన ముఖం చూడాలి! మార్టిం మునీజ్ చుట్టుపక్కల మనవాళ్ళ, బంగ్లాదేశీల దుకాణాల్లో బియ్యం, కందిపప్పు, పచ్చిమిర్చి అన్నీ ఉంటాయి. కాబట్టి వంటిల్లు ఉన్న ఫ్లాటు తీసుకోండి, కుక్కర్ వద్దు. ఆవకాయ గట్టిగా చుట్టి పెద్ద పెట్టెలో పెట్టుకోవచ్చు. నెయ్యి, పాలకోవా మాత్రం కుదరదు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేకూడదని యూరప్‌లో నిబంధన. మాడుగుల హల్వా సంగతి మాత్రం నన్నడక్కండి.

ఇక మీ ముగ్గురి సంగతి. హోటల్లో కూర్చోగానే అడక్కుండానే బ్రెడ్, ఆలివ్ కాయలు, జున్నుముక్కలు తెచ్చి పెడతారు. మొదటి రాత్రి మేం మర్యాద అనుకుని అన్నీ తినేశాం, బిల్లులో వరసగా వేశారు. దాన్ని కోవెర్ అంటారు. వద్దనుకుంటే ముట్టుకోకుండా తీసుకెళ్ళమనండి, డబ్బు వేయరు. రెండో సంగతి, పాతకాలపు హోటళ్ళలో ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది. మేయా దోజ్ అంటే సగం ప్లేటు. మన ఊళ్ళో ఆఫ్ ప్లేట్ బిర్యానీ అన్నట్టు ధైర్యంగా అడగండి. మధ్యాహ్నం ప్రాతు దు దియా అని పలక మీద రాసి పెడతారు, ఆ రోజు స్పెషల్. ఆఫీసులవాళ్ళు తినేది అదే. తాజాగానూ ఉంటుంది, చవకగానూ ఉంటుంది. గుమ్మంలో నిలబడి ఫొటోల మెనూ చూపిస్తూ రండి రండి అని పిలిచే చోట ఆగకండి. రాత్రి ఏడున్నరకు ముందు వంట మొదలుకాదు, ఆకలేస్తే ఏ కాఫీ కొట్లోనైనా షమూసా తినండి. పేరు వింటేనే తెలిసిపోతుంది, మన సమోసాయే. గోవా నుంచి వెళ్ళి అక్కడి గాజు అలమార్లలో కూర్చుంది.

చేపల్లో రారాజు బకల్యావ్. కాడ్ అనే చేపను ఉప్పులో ఊరేసి ఎండబెడతారు. అంటే ఎండుచేప. ఇక్కడ ఎండుచేప వండితే పక్కింటివాళ్ళు కిటికీలు వేసుకుంటారు, అక్కడ క్రిస్మస్ ముందురోజు రాత్రి విందు అదే. ఇంకో వింత, ఆ చేప వాళ్ళ సముద్రంలో దొరకదు. నార్వే వంటి ఉత్తరాది చలి దేశాల నుంచి వస్తుంది. ఒకటి రెండు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టి, ఉప్పు పోయాక వండుతారు. మొదటిసారి తినేవాళ్ళు బకల్యావ్ ఆ బ్రాష్ అడగండి. చేపను పీచులా విడదీసి, సన్నటి ఆలూ వేపుడు, గుడ్డు కలిపి చేస్తారు. మా ఆయనకు మూడు పూటలు అదే. నాకు మాత్రం బొగ్గుల మీద కాల్చిన సార్డీన్ ఇష్టం. మన కవళ్ళకు దగ్గర చుట్టం, పైన రాళ్ళ ఉప్పు తప్ప మసాలా ఏమీ ఉండదు. సీజన్ ఎండాకాలం, సెప్టెంబరు దాకా పరవాలేదు. నిమ్మకాయ పిండి చేత్తోనే తినండి, ఎవరూ ఏమీ అనుకోరు.

సాయంత్రం కైష్ దు సుద్రే రేవులో ఫెర్రీ ఎక్కి పది నిమిషాల్లో అవతలి ఒడ్డు కసీల్యష్‌కు వెళ్ళండి. చేపల హోటళ్ళు అక్కడ వరసగా ఉంటాయి. తింటూ ఇటు చూస్తే లిస్బన్ మొత్తం కొండల మీద దీపాలు పెట్టినట్టుంటుంది.

కాఫీ సంగతి మరిచాను. బీకా అంటే ఉగ్గుగిన్నెలో చేదు కషాయం. మనకు కావలసింది గలావ్, గాజుగ్లాసు నిండా పాలకాఫీ.

ప్రశ్న: లిస్బన్‌లో 28 నంబరు పసుపు ట్రామ్ తప్పక ఎక్కాలంటారు. దొంగలు ఎక్కువని కూడా అంటారు. నిజమేనా? ఖర్చుల్లో మనకు తెలియకుండా తగిలేవి ఏమైనా ఉన్నాయా? – ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: రెండూ నిజమే. చెక్క ట్రామ్ బాగుంటుంది, ఇళ్ళ గోడలు చేతికి తగిలేంత దగ్గరగా పోతుంది. కానీ అది బయల్దేరే మార్టిం మునీజ్‌లో మేం గంటసేపు క్యూలో నిలబడి, ఎక్కాక కూడా నిలబడే వెళ్ళాం. ఆ రద్దీలో మా ఆయన జేబులోంచి కళ్ళజోడు డబ్బా పోయింది, పర్సనుకుని తీసుకున్నట్టున్నారు. పాపం, వాళ్ళకేం లాభం? ఈయన మాత్రం మూడు రోజులు నా కళ్ళజోడుతో మెనూలు చదివారు. రెండోసారి తెలివొచ్చి, పొద్దున్నే రెండో కొసన ప్రజెరిష్ దగ్గర ఎక్కాం, కిటికీ పక్కన సీట్లు దొరికాయి.

ట్రామ్‌లో డ్రైవరు దగ్గర టికెట్ కొంటే ఎక్కువ పడుతుంది. మెట్రో స్టేషన్‌లో కార్డు కొని డబ్బు వేసుకోండి, బస్సుకు, ట్రామ్‌కు, మెట్రోకు అదే. హోటల్ గదికి నగర పన్ను వేరే, మనిషికి రాత్రికి 4 యూరోలు, ఏడు రాత్రుల దాకా. అక్కడ టుక్‌టుక్ అని ఆటోలు తిరుగుతుంటాయి. గంటకు చెప్పిన రేటు విని మా ఆయన జగదాంబ జంక్షన్లో బేరం ఆడినట్టు మొదలుపెట్టబోతే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ప్రశ్న: వీసాకు ఎప్పుడు అప్లై చేయాలి? – ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, 15 రోజులకన్నా దగ్గరపడితే తీసుకోరు. ఎండాకాలం ప్రయాణమైతే మూడు నెలల ముందే ఇవ్వండి. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఈ షెంగెన్ వీసా రుసుము పెద్దవాళ్ళకు 90 యూరోలు, సర్వీసు చార్జీ అదనం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాస్‌పోర్టు పదేళ్ళలోపు ఇచ్చినదై ఉండాలి, మీరు తిరిగి వచ్చే తేదీ తరవాత మూడు నెలలైనా గడువుండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. వేలిముద్రలకు మీరే స్వయంగా వెళ్ళాలి. వీసా చేతికి రాకముందే రద్దు చేయడానికి వీల్లేని టికెట్ కొనకండి.

ప్రశ్న: వాస్కో డ గామా సమాధి బెలేంలోనే ఉందట కదా. మన దేశాన్ని దోచుకోవడానికి దారి చూపినవాడి సమాధి మనం వెళ్ళి చూడాలా? – ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం

జవాబు: మంచి ప్రశ్న. నేనూ గుమ్మం దగ్గర తటపటాయించాను. 1497లో బెలేం ఒడ్డు నుంచే బయల్దేరి, మరుసటి ఏడాది మే నెలలో కాలికట్ తీరం చేరాడు. 1502లో రెండోసారి వచ్చినప్పుడు మక్కా యాత్రికుల ఓడను ఆడవాళ్ళు, పిల్లలతో సహా తగలబెట్టించాడు. చివరికి 1524లో కొచ్చిన్‌లోనే పోయాడు. సమాధి ఉన్న జెరోనిముష్ మఠం కట్టిన డబ్బులో పెద్ద వాటా మన వైపు నుంచి వెళ్ళిన మిరియాలు, దాల్చినచెక్క మీద వేసిన పన్నే. అలాంటప్పుడు మన డబ్బుతో కట్టిన ఇల్లు మనం చూడకపోతే ఎలా, అని నాకు నేను చెప్పుకుని లోపలికి వెళ్ళాను. సమాధికి దండం పెట్టలేదు. చర్చిలోకి అడుగుపెట్టగానే ఎడమవైపు ఉంటుంది, రెండు నిమిషాలు చాలు. తరవాత తలెత్తి రాతి స్తంభాలు చూడండి, తాటిచెట్లలా పైకి వెళ్ళి విచ్చుకుంటాయి.

వాళ్ళు మన విశాఖకు ఏం ఇచ్చారంటే కొన్ని మాటలు. అల్మారా, బొత్తాం, మేస్త్రి, ఇస్త్రీ, అనాస, పావ్‌భాజీలో పావ్, అన్నీ పోర్చుగీసువే. వదినకు ఈ సంగతి చెబితే, పోనీలే ఇస్త్రీ అయినా నేర్పారు అంది.

బయటికొచ్చాక నాలుగడుగుల్లో నీలం గుడ్డ పందిరి వేసిన మిఠాయి దుకాణం ఉంటుంది, 1837 నుంచి నడుస్తోంది. గుడ్డుసొనతో చేసే చిన్న చిన్న పష్తేల్ అక్కడ పొయ్యి మీంచి దిగుతూనే ఉంటాయి. బయట క్యూ చూసి వెనక్కి రాకండి, అది పార్సిల్ వాళ్ళది. లోపలికి వెళితే గది తరవాత గది, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. మనిషికి రెండేసి చెప్పండి, ఒకటి చాలదు. దాల్చినచెక్క పొడి బల్ల మీదే ఉంటుంది, ఎంత కావాలంటే అంత చల్లుకోండి.